తేదీ లేని వాయిదా



ముప్పై ఏళ్లకు పైగా పటాన్‌చెరు పారిశ్రామికవాడలో ఒక కంపెనీ టైం ఆఫీసులో పనిచేశాను. టైం ఆఫీసు అంటే గేటు దాటగానే ఒక పక్కన ఉండే చిన్న గది. ఎవరు ఎన్నింటికి వచ్చారు, ఎవరు రాలేదు, ఎవరి వీక్లీ ఆఫ్ ఏ రోజు, ఎవరికి ఎన్ని గంటల ఓటీ, ఈ లెక్కంతా అక్కడే. మనిషిని పేరుతో కాక టోకెన్ నంబరుతో గుర్తుపట్టే జబ్బు కూడా అక్కడే అంటుకుంటుంది. రిటైరై ఇన్నేళ్లయినా నాకది వదల్లేదు. పెళ్లిలో పాత మనిషి ఎవరైనా ఎదురుపడితే ముందు నంబరు గుర్తొస్తుంది, పేరు భోజనాల వేళకు గుర్తొస్తుంది.

ఇవాళ నేను మాట్లాడేది శాసనసభ గురించి. టైం ఆఫీసు గుమాస్తాకు శాసనసభతో పనేమిటని మీకు అనిపించవచ్చు. ఒక సెలవు చీటీ వల్ల పని పడింది.

మా మేడమీద గదిలో ఇద్దరు కుర్రాళ్లు అద్దెకుంటారు. ఇద్దరిదీ పాశమైలారంలో కాంట్రాక్టు పని. అందులో ఒకతను నారాయణఖేడ్ దిక్కు వాడు. మొన్నొక సాయంత్రం తెల్లకాగితం పట్టుకుని కిందికి దిగొచ్చాడు.

"సారూ, జర లీవ్ లెటర్ రాసియ్యున్రి. యూనియనోళ్లు చలో అసెంబ్లీ అంటున్నరు. నేను గూడ పోత."

రాయడం మొదలుపెట్టాను. తేదీ దగ్గర ఆగి, ఏ రోజు అని అడిగాను.

"గదే సారూ. అసెంబ్లీ ఎప్పుడుంటదో మీరే చూసి, గా తారీకు ఎయ్యున్రి."

పేపరు తిరగేశాను. తెలిసిన ఇద్దరు ముగ్గురికి ఫోను చేశాను. వచ్చే నెలలో ఉండొచ్చని ఒకరు, కేబినెట్ భేటీ అయితే గాని తెలియదని ఇంకొకరు. చివరికి తేదీ దగ్గర ఖాళీ గీత గీసి ఇచ్చాను. నా ఉద్యోగ జీవితంలో తేదీ లేని సెలవు చీటీ ఒక్కటి కూడా తీసుకోలేదు. అలాంటిది నేనే రాసివ్వాల్సి వచ్చింది.

ఫ్యాక్టరీల పద్ధతి వేరు. 1948 నాటి ఫ్యాక్టరీల చట్టంలో 61వ సెక్షన్ అని ఒకటుండేది. ఏ పనివాడు ఏ రోజు ఎన్నింటి నుంచి ఎన్నింటిదాకా పనిచేయాలో ముందుగానే రాసి, అందరికీ కనబడేలా బోర్డు మీద పెట్టాలని ఆ సెక్షన్ చెప్పేది. మా బోర్డు మీద ఆ కాగితం పక్కనే ఏడాది పండగ సెలవుల జాబితా ఉండేది. జనవరిలో అతికిస్తే డిసెంబరు దాకా అదే. దసరాకు ఊరెళ్లేవాడు సంక్రాంతికే రైలు లెక్కలు వేసుకునేవాడు. వార్షిక షట్‌డౌన్ ఎప్పుడో కూడా ముందే తెలిసేది. రెండు మూడు వారాలు యంత్రాలు ఆపి బాగు చేసుకునేవాళ్లు, మిగతా ఏడాదంతా నడిపేవాళ్లు. శాసనసభ లెక్క చూస్తే నాకు ఇదే తిరగేసినట్టు కనిపిస్తుంది. కొద్ది వారాలు నడుస్తుంది, మిగతా ఏడాదంతా షట్‌డౌన్.

సభను ఎవరు పిలుస్తారు? రాజ్యాంగం 174వ అధికరణం ప్రకారం గవర్నరు పిలుస్తారు. ఎప్పుడు పిలవాలో చెప్పేది కేబినెట్. ఎన్ని రోజులు నడపాలన్నది సభా వ్యవహారాల సలహా సంఘం తేలుస్తుంది. పేపర్లలో బీఏసీ అని రాస్తారు చూడండి, అదే. ఆ బీఏసీ మామూలుగా సమావేశాలు మొదలైన రోజునే కూర్చుంటుంది. షిఫ్టు మొదలయ్యాక, ఇది ఎన్ని గంటల షిఫ్టో తేల్చుకోవడానికి సూపర్‌వైజర్లు లోపలికెళ్లి తలుపేసుకున్నట్టు. మా కంపెనీలో అలా చేసి ఉంటే మొదటిరోజే గేటు ముందు ధర్నా అయ్యేది.

రాజ్యాంగం పెట్టిన షరతు ఒక్కటే. ఒక సమావేశం చివరి రోజుకూ తర్వాతి సమావేశం మొదటి రోజుకూ మధ్య ఆరు నెలలు దాటకూడదు. 1950లో అమల్లోకి వచ్చినప్పుడు అక్కడ ఏడాదికి కనీసం రెండుసార్లు సభ కూడాలన్న మాట కూడా ఉండేది. మరుసటి ఏడాదే మొదటి సవరణలో దాన్ని తీసేసి, ఆరు నెలల ఎడాన్ని మాత్రం ఉంచారు. అంటే ఏడాదికి ఎన్ని రోజులన్న లెక్క రాజ్యాంగంలో ఎక్కడా లేదు. అయిదు నెలల ఇరవై తొమ్మిది రోజులు ఊరుకుని, ఒక్కపూట సభ పెట్టి లేచిపోయినా షరతు నెరవేరినట్టే.

మన తెలంగాణలో ఈ గడియారం చుట్టూ చాలా కథ నడిచింది. 2018 మార్చి చివర్లో సభ ముగిసింది. సెప్టెంబరు చివరికి ఆరు నెలలు నిండుతాయి. ఆ లోపే, సెప్టెంబరు 6న సభ రద్దయింది. రద్దయిన సభకు ఆరు నెలల షరతు వర్తించదు. ఎన్నికలై కొత్త సభ కూర్చునేసరికి 2019 జనవరి 17. తొమ్మిదిన్నర నెలలు నాంపల్లిలోని ఆ తెల్లటి భవనంలో ఒక్క ప్రశ్న లేదు, ఒక్క జవాబు లేదు. ఇందులో చట్టవిరుద్ధం ఏమీ లేదు, అదే విశేషం. హర్యానాలోనూ 2024 సెప్టెంబరులో గడువు నిండబోతుండగా సభను రద్దు చేశారు.

2022లో ఇంకో చిత్రం. అంతకుముందు అక్టోబరులో సభ నిరవధికంగా వాయిదా పడింది కాని, ప్రొరోగ్ కాలేదు, అంటే సమావేశాన్ని అధికారికంగా ముగించలేదు. సమావేశం సాంకేతికంగా నడుస్తున్నట్టే లెక్క. అందువల్ల మార్చి 7న సభ కూడితే అది కొత్త సమావేశం కాదు, పాతదానికి కొనసాగింపే అన్నారు. కొత్త సమావేశం కాదు కనుక గవర్నరు ప్రసంగం అక్కర్లేదన్నారు. నేరుగా బడ్జెట్ పెట్టారు. అప్పటి గవర్నరు తమిళిసై ఆ మాట మీద బహిరంగంగానే అసంతృప్తి చెప్పారు. మరుసటి ఏడాది బడ్జెట్‌కు గవర్నరు అనుమతి రాలేదని జనవరి 30న ప్రభుత్వం హైకోర్టుకే వెళ్లింది. అక్కడ రాజీ కుదిరి, ఫిబ్రవరి 3న ప్రసంగం జరిగింది. ఏ పార్టీది తప్పు అన్న పంచాయితీ నాకు వద్దు. పిలిచే తేదీ ఒకరి చేతిలో ఉంటే, దాన్ని ఆయుధంగా వాడుకోవాలన్న ఆలోచన ఎవరికైనా వస్తుంది.

నిరవధిక వాయిదా అన్నాను కదా. మన భాషలో వాయిదా అన్న మాటతో తేదీ అతుక్కుని ఉంటుంది. కోర్టు వాయిదా ఎప్పుడంటే ఫలానా తారీకు అంటాం. చిట్టీ వాయిదా అయిదో తేదీన కట్టాలి. బ్యాంకు వాయిదా తప్పితే ఫోను మీద ఫోను వస్తుంది. ఒక్క శాసనసభ వాయిదాకే తేదీ లేదు. మా పటాన్‌చెరువోళ్లకు ఈ తేడా అనుభవం మీద తెలుసు. నక్కవాగులో రంగునీళ్లు పారిన రోజుల్లో, బోర్లలో నీళ్లు నురగలు కక్కిన రోజుల్లో ఈ ప్రాంతం ఎక్కువగా ఎక్కింది కోర్టు మెట్లే. 1990లో ఆ వ్యవహారం సుప్రీంకోర్టుదాకా వెళ్లింది. పటాన్‌చెరులో వైద్యం చేసిన డాక్టర్ అల్లాని కిషన్ రావు గారి పేరు ఆ పోరాటంతో కలిసిపోయింది. కోర్టులో న్యాయం ఆలస్యం అవుతుందని అందరికీ తెలుసు. అయినా జనం అటే ఎందుకు పోయారంటే, అక్కడ వచ్చే వాయిదా ఏ రోజో కాగితం మీద రాసి ఇస్తారు.

ఇప్పుడు అసలు విషయానికి వస్తాను.

2025 జూన్ 30, సోమవారం. ఉదయం తొమ్మిదిన్నర ప్రాంతంలో పాశమైలారంలోని ఒక ఫార్మా పరిశ్రమలో పేలుడు జరిగింది. యాభై మందికి పైగా పోయారు. ఎనిమిది మంది ఆనవాళ్లు కూడా దొరకలేదు. పోయినవాళ్లలో చాలామంది బిహారు, ఒడిశా, ఉత్తరప్రదేశ్, జార్ఖండ్ నుంచి వచ్చినవాళ్లు. మరునాడు ముఖ్యమంత్రి వచ్చారు. పరిహారం ప్రకటించారు, విచారణ కమిటీ వేశారు. ఆ పనులన్నీ ప్రభుత్వం చేసింది, చేయలేదని నేననను. నేను చూసింది క్యాలెండర్.

ఆ ఏడాది బడ్జెట్ సమావేశాలు మార్చి 12న మొదలై 27న ముగిశాయి. మళ్లీ సభ కూడింది ఆగస్టు 30న. వేళ్లమీద లెక్కపెట్టుకున్నాను. పేలుడు జరిగిన రోజు నుంచి 61 రోజులు. ఆ రెండు నెలల్లో ఫ్యాక్టరీల తనిఖీ ఎప్పుడు జరిగింది, తనిఖీ అధికారులు ఎంతమంది ఉన్నారు, ఎన్ని ఖాళీలు ఉన్నాయి అని మంత్రిని నిలబెట్టి అడిగే చోటు తెరుచుకోలేదు. ప్రెస్ మీట్‌లో అడగవచ్చు కదా అంటారు. అడగవచ్చు. ప్రెస్ మీట్‌లో మంత్రి తప్పు చెబితే అది వార్త. సభలో తప్పు చెబితే సభను తప్పుదోవ పట్టించినట్టు. సభలో ఇచ్చిన మాట హామీల కమిటీ పుస్తకంలోకి ఎక్కుతుంది. మా ప్లాంట్లలో షిఫ్టు మారేటప్పుడు లాగ్ బుక్ రాస్తారు. ఏ రియాక్టర్ వేడి ఎంతుంది, ఏ వాల్వ్ మొరాయిస్తోంది అని దిగిపోయేవాడు రాసి సంతకం పెడితే, ఎక్కేవాడు చదివి సంతకం పెడతాడు. నోటిమాటకు, లాగ్ బుక్‌కు తేడా ఏమిటో ప్రమాదం జరిగాక తెలుస్తుంది.

ఆగస్టు 30, 31 తేదీల్లో శని, ఆదివారాలు సభ నడిచింది. కాళేశ్వరం మీద జస్టిస్ ఘోష్ కమిషన్ నివేదిక, స్థానిక సంస్థల్లో బీసీ రిజర్వేషన్ల బిల్లులు ముందు వరుసలో ఉన్నాయి. ఆదివారం మొదలైన కాళేశ్వరం చర్చ అర్ధరాత్రి దాటాక గాని తెమల్లేదు. అవన్నీ పెద్ద విషయాలే. అయిదు నెలల సరుకు రెండు రోజుల్లో దించాలంటే లారీలో ఏది ముందుంటే అదే దిగుతుంది.

ఈ మధ్యలోనే, జూలై 5న, రాష్ట్రంలోని వాణిజ్య సంస్థల్లో రోజు పని పది గంటలదాకా పెంచుకోవచ్చని ప్రభుత్వం జీఓ ఇచ్చింది. వారానికి 48 గంటల పరిమితి అలాగే ఉంది. ఇది ఫ్యాక్టరీలకు కాదు, ఆ సంగతి స్పష్టంగా చెప్పాలి. అలాంటి జీఓ ఇచ్చే అధికారాన్ని ఇప్పటికే ఉన్న చట్టమే ప్రభుత్వానికి ఇస్తుంది, అది కూడా చెప్పాలి. అయినా మనిషి రోజు ఎంత పొడుగుండాలన్న మాట సభ లేని రోజుల్లో కాగితం మీద తేలిపోతే, టైం ఆఫీసులో బతుకంతా గడిపినవాడికి గుచ్చుకోకుండా ఉండదు.

పనిగంటల మాట వచ్చింది కాబట్టి ఒక ముచ్చట. 2024 జూలై 29న మన శాసనసభ ఉదయం పదింటికి మొదలై, మరునాడు తెల్లవారుజామున మూడు దాటాక లేచింది. ఒక్కరోజే 19 పద్దులు ముందేసుకున్నారు. పద్దు అంటే ఒక్కో శాఖ ఖర్చుకు సభ ఇచ్చే అనుమతి. పదిహేడు గంటలు! అప్పట్లో అమల్లో ఉన్న ఫ్యాక్టరీల చట్టం ప్రకారం పెద్దవాళ్లెవరి చేతా రోజుకు తొమ్మిది గంటలు మించి పని చేయించకూడదు, మించితే రెట్టింపు కూలి. మళ్లీ ఉదయం పదింటికల్లా సభ మొదలు. ఎమ్మెల్యేల కష్టం చూసి చాలామంది మెచ్చుకున్నారు. నాకు మాత్రం నైట్ షిఫ్టులో కునుకు తీసే ఆపరేటర్లు గుర్తొచ్చారు. అర్ధరాత్రి రెండింటికి ఏ శాఖ పద్దు వచ్చిందో ఆ శాఖకు ఆ రాత్రి అదృష్టం. లక్షల కోట్ల బడ్జెట్ అది, 2024-25కు 2 లక్షల 91 వేల కోట్ల పైచిలుకు. నిద్రమత్తులో చదివే కాగితం కాదు.

మరి ఎన్ని రోజులుండాలి? ఈ ప్రశ్నకు జవాబులు చాలా ఉన్నాయి. 2002లో జస్టిస్ వెంకటాచలయ్య నాయకత్వంలోని రాజ్యాంగ సమీక్ష కమిషన్, 70 మంది కంటే తక్కువ సభ్యులున్న సభలు 50 రోజులు, మిగతావి 90 రోజులు కూర్చోవాలంది. మన సభలో 119 మంది. పీఆర్ఎస్ అనే ఢిల్లీ సంస్థ ఏటా వేసే లెక్కలో 2021లో కేరళ సభ 61 రోజులు కూర్చుంది. ఆ ఏడాది రాష్ట్రాల సగటు 21 రోజులు. పార్లమెంటు కూడా ఏమంత మెరుగు కాదు. మొదటి లోక్‌సభ అయిదేళ్లలో 677 రోజులు కూర్చుంటే పదిహేడోది 274 రోజులు.

జహీరాబాద్ దాటితే కర్ణాటక. అక్కడ 2005లో ఒక చట్టమే చేశారు, సభ ఏడాదికి కనీసం 60 రోజులు జరగాలని. చట్టం చేశారు గాని, ఆ అరవై చాలా ఏళ్లు అందుకోలేదు. అందుకే, ఇన్ని రోజులు అని అంకె రాస్తే సరిపోతుందంటే నేను నమ్మను. మా దగ్గరా అంతే. ఏడాదికి ఇన్ని ట్రైనింగ్ గంటలు అని లెక్క పెట్టిన సంవత్సరాలన్నింటిలో ఆ గంటలు మార్చి నెలలో రిజిస్టరులో పుట్టేవి. ఫలానా బుధవారం రెండింటికి క్యాంటీన్ హాల్లో అని బోర్డు మీద రాసిన ఏడాది మాత్రం నిజంగా జరిగేవి.

అమెరికాలోని టెక్సస్ సంగతి తెలిశాక ఈ నమ్మకం ఇంకా గట్టిపడింది. డల్లాస్ చుట్టుపక్కల మనవాళ్లు ఎంతమంది ఉన్నారో చెప్పక్కర్లేదు, రామచంద్రాపురం బీహెచ్ఈఎల్ క్వార్టర్స్‌లో పెరిగిన పిల్లలే బోలెడు. అక్కడి శాసనసభ మామూలుగా రెండేళ్లకొకసారే కూడుతుంది, 140 రోజులకు మించదు. మన కంటికి ఇది అన్యాయంగా ఉంటుంది. కాని బేసి సంవత్సరం జనవరిలో రెండో మంగళవారం మధ్యాహ్నం మొదలవుతుందని చట్టంలోనే ఉంది. 2031లో ఏ రోజు మొదలవుతుందో ఇవాళే చెప్పవచ్చు. సెలవు చీటీ కూడా ఇవాళే రాసుకోవచ్చు.

నేను వేసుకున్న లెక్క చిన్నది. అరవై రోజులను పన్నెండుతో భాగిస్తే అయిదు. నెలకు ఒక వారం, సోమవారం నుంచి శుక్రవారం దాకా. బడ్జెట్ నెలలో ఇంకో రెండు వారాలు కలపండి, పద్దులు పగటిపూటే చదువుకోవచ్చు. ఏడాది మొత్తానికి జాబితా జనవరిలో అతికించండి. అలా ఉండి ఉంటే పాశమైలారం ప్రశ్న 61 రోజులు ఆగేది కాదు, మరుసటి వారమో ఆపై వారమో సభకు వచ్చేది. చనిపోయినవాళ్లలో చాలామందికి ఇక్కడ ఓటు లేదు. వాళ్ల తరఫున అడిగేవాళ్లు సంగారెడ్డి జిల్లా నుంచి ఎన్నికైన అయిదుగురే. ఆ అయిదుగురికీ లేచి నిలబడే రోజు ఒకటి ఉండాలి కదా.

దీనికి అభ్యంతరాలు వినకపోలేదు. నెలనెలా సభ అంటే కలెక్టరు నుంచి సెక్రటరీ దాకా జవాబులు తయారు చేయడంలోనే మునిగిపోతారు, ఆఫీసుల్లో పని ఆగుతుందని ఒక రిటైర్డు అధికారి అన్నారు. ఇందులో నిజముంది. సభ ఉన్న రోజుల్లో ఆఫీసుకు వెళ్తే సారు అసెంబ్లీ పనిలో ఉన్నారంటారు, ఎవరికైనా అనుభవమే. ఎమ్మెల్యేలకూ చిక్కే. పెళ్లిళ్లు, పరామర్శలు, ఆసుపత్రి చీటీలు అన్నీ వాళ్లే చూడాలని మనమే అలవాటు చేశాం. సభలో కూర్చున్న ఎమ్మెల్యేని ఊళ్లో కనబడడం లేదని తిడతాం. ఈ చిక్కు తేదీలతో తీరదు. కాని తేదీలు ముందే తెలిస్తే పెళ్లి ముహూర్తాల వాళ్లయినా సర్దుకుంటారు. మన పంతుళ్లు ఆషాఢానికి, మూఢానికి సర్దుకోవడం లేదా?

ప్రతిపక్షాలు వాకౌట్ చేస్తే, అధికార పక్షం సస్పెండ్ చేస్తే, ఉన్న రోజులే వృథా అవుతున్నాయి, ఇంకా పెంచడం దేనికి అని ఇంకొకరు. మా ఫ్యాక్టరీలో ఒక యంత్రం నెలకొకసారి నడిపితే మొదటి గంట మొత్తం గొంతు సవరించుకునేది. రోజూ నడిపే యంత్రాలు అంత అరవవు. ఇంతకంటే నాకు తెలిసిన జవాబు లేదు.

ఈ లెక్క కాగితం మీద రాసి మా పాత యూనియన్ మిత్రుడికి చూపించాను. ఇస్నాపూర్ చౌరస్తాలో చాయ్ తాగుతూ చదివాడు. ప్రతి నెలా మొదటి వారం అని రాశాను నేను. అదొక్కటీ కొట్టేశాడు.

"అన్నా, నువ్వు పెన్షన్ మనిషివి, మర్చిపోయినవ్. జీతాలు ఏడో తారీకుకు గాని పడవు. మొదటి వారంల ఎవ్వని జేబుల పైసలుంటయి? బస్సుల లింగంపల్లి పోవాలె, ఆడికెళ్లి ఎంఎంటీఎస్ల నాంపల్లి పోవాలె, మధ్యాహ్నం తినాలె. ఒక రోజు కూలి ఎట్లాగూ పాయె. రెండో వారం పెట్టుమను."

ఆ మాట నా లెక్కలో లేదు. పెన్సిలు తీసి దిద్దుకున్నాను. రెండో వారం.